సముద్రానికి మోటారు ఎక్కడుంది?

2023 డిసెంబరు 4, రాత్రి. వేళచ్చేరిలో మా అపార్ట్‌మెంటు కింద మోకాలి పైదాకా నీళ్లు. కరెంటు ఎప్పుడో పోయింది. ఫోనులో మిగిలిన కాస్త చార్జింగుతో నాన్నకి చేశాను. మాది బాపట్ల పక్కన పల్లెటూరు. చెన్నైని ముంచిన మిచాంగ్ తుపాను ఆ రాత్రి తీరం వెంబడే ఉత్తరానికి, అంటే సరిగ్గా నాన్న వాళ్ల వైపుకే కదులుతోంది. కోతకొచ్చిన వరి ఇంకా చేలోనే ఉంది. మర్నాడు మధ్యాహ్నం బాపట్ల దగ్గరే తీరం దాటి ఆ వరినంతా నేలకి పరిచేసింది.

అంత టెన్షన్‌లోనూ నాన్న ఒక మాట అడిగాడు. "అమ్మాయ్, నువ్వు ఫిజిక్స్ చెప్తావు గదా. తుపాను వస్తే సముద్రాన్ని కలియబెట్టి కింద ఉన్న చల్లనీళ్లు పైకి తెస్తదని రేడియోలో చెప్పారు. పైన చల్లబడితే వెనకొచ్చేదానికి బలం ఉండకూడదు గదమ్మా. మరి హెలెన్ పోయిన వారానికే లెహర్ రాలా?"

హెలెన్ 2013 నవంబరు 22న మచిలీపట్నం దగ్గర తీరం దాటింది. లెహర్ అదే నెల 28న ఆ పక్కనే వచ్చింది. తీరం చేరేసరికి బాగా నీరసించింది, కానీ అంతకుముందు సముద్రం మీద భీకరంగా పెరిగి వచ్చిన తుపానే. నాన్న ఇవన్నీ తేదీలతో సహా గుర్తుపెట్టుకుంటాడు. 1977 దివిసీమ ఉప్పెన చూసిన తరం కదా. నేను పైగాలులనీ, పొడిగాలనీ ఏదో చెప్పబోతుండగానే ఫోన్ ఆగిపోయింది.

నేను స్కూల్లో పదకొండు, పన్నెండు తరగతులకి ఫిజిక్స్ చెప్తాను. సముద్రం నా సబ్జెక్టు కాదు. ఆ రాత్రి అడిగిన ప్రశ్న వదలక, అప్పట్నుంచీ దొరికిందల్లా చదువుతూ వచ్చాను. చదివిన కొద్దీ ఒక విషయం గట్టిగా చెప్పాలనిపిస్తోంది. సముద్రం గురించి మనం ఎప్పుడు మాట్లాడుకున్నా పైనున్న నీటి గురించే మాట్లాడతాం. ఎంత వేడెక్కింది, ఎంత మట్టం పెరిగింది, ఎక్కడ తుపాను పుట్టింది. ఆ పై నీటికీ కింద కిలోమీటర్ల లోతున ఉన్న చల్లటి నీటికీ మధ్య జరిగే కలయిక గురించి మాట్లాడం. వేడి పైన నిలవాలా, లోపలికి దిగాలా అన్నది తేలేది అక్కడ. సముద్రపు పెద్ద ప్రవాహాలు నడవాలా, ఆగాలా అన్నది కూడా అక్కడే. దాన్ని మన దేశంలో, అందులోనూ మన బంగాళాఖాతంలో, ఏడాది పొడుగునా కొలవాల్సినంతగా కొలవడం లేదన్నది నా బాధ.

ముందు మోటారు సంగతి చెప్తాను.

చెన్నైలో ఉన్నవాళ్లకి సంపు అంటే ఏమిటో వివరించక్కర్లేదు. మెట్రోవాటరో, ట్యాంకరో, నీళ్లొచ్చి కింద సంపులో పడతాయి. పడటానికి కరెంటు అక్కర్లేదు. మిద్దె మీద ట్యాంకులోకి ఎక్కాలంటే మాత్రం మోటారు వెయ్యాలి. సముద్రంలోనూ నీళ్లు ఊరికే కిందకి దిగే చోట్లున్నాయి. గ్రీన్లాండ్ చుట్టుపక్కల, అంటార్కిటికా అంచున వెడెల్, రాస్ సముద్రాల్లో నీరు బాగా చల్లబడుతుంది. మంచు గడ్డకట్టేటప్పుడు ఉప్పుని బయటికి వదిలేస్తుంది కాబట్టి మిగిలిన నీరు ఇంకా బరువెక్కుతుంది. బరువెక్కిన నీరు అడుగుకి పోతుంది. అలా దిగేది సగటున సెకనుకు రెండున్నర, మూడు కోట్ల ఘనపు మీటర్లు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరికి 35 లక్షల క్యూసెక్కుల వరదొచ్చింది. మా అత్తగారిది కోనసీమ, ఆవిడ ఇప్పటికీ ఆ నెల గురించి చెప్తే గొంతు మారిపోతుంది. అటువంటి గోదావరులు 250కి పైగా ఒకేసారి సముద్రపు అడుక్కి దిగుతున్నాయనుకోండి, వందల ఏళ్లుగా.

అంత నీరు కిందకి పోతుంటే అంతే నీరు ఎక్కడో పైకి రావాలి. ఎవరు తెస్తున్నారు?

పిల్లల పుస్తకాల్లో, టీవీల్లో ఒక బొమ్మ చూసే ఉంటారు. ప్రపంచ పటం మీద ఎర్ర రిబ్బను, నీలం రిబ్బను. వాలెస్ బ్రోకర్ అనే శాస్త్రవేత్త 1987లో జనానికి పరిచయం చేసిన 'కన్వేయర్ బెల్టు' అదే. పాత బొమ్మల్లో నీలం రిబ్బను హిందూ మహాసముద్రంలోకి వచ్చి, మన కిందుగా ఒక బాణం గుర్తుతో పైకి మళ్లి ఎర్రగా మారిపోతుంది. ఆ మలుపు దగ్గర ఏమీ రాసి ఉండదు. నేనూ ఆ బొమ్మని ఏళ్ల తరబడి అలాగే చెప్పాను. ఒకసారి ఒక అమ్మాయి "మిస్, నీళ్లు అక్కడ పైకెందుకొస్తాయి?" అనడిగితే, "వేడెక్కి తేలిగ్గా అయిపోతాయి కదా, అందుకని" అన్నాను. తప్పు చెప్పాను. ఆ అమ్మాయి ఇప్పుడు ఏ ఊళ్లో ఉందో తెలిస్తే సరిదిద్దాలని ఉంది.

ఎందుకు తప్పంటే, సముద్రానికి పొయ్యి పైన ఉంది. గిన్నెలో పాలు కింద నుంచి కాగుతాయి కాబట్టి వాటంతటవే కలిసిపోతాయి. సముద్రాన్ని ఎండ పైనుంచి కాస్తుంది. నేను చెన్నై వచ్చిన కొత్తలో ఉన్న హాస్టల్లో చలికాలం బకెట్లో హీటర్ రాడ్డు పెట్టుకునేవాళ్లం. రాడ్డు సగం దాకానే మునిగితే పైన నీళ్లు చెయ్యి పెట్టలేనంతగా కాగుతాయి, అడుగున చల్లగానే ఉంటాయి. ఎంతసేపు ఉంచినా పైవి ఇంకా కాగుతాయే గానీ అడుగువి పైకి రావు. స్విచ్ ఆపి, మగ్గుతో కలియబెడితేనే మొత్తం గోరువెచ్చనవుతుంది. స్వీడన్‌కి చెందిన సాండ్‌స్ట్రోమ్ 1908లోనే ఈ మాట శాస్త్రంగా చెప్పాడు. వేడి అందే చోటు, చల్లబడే చోటు కంటే కిందన ఉంటేనే బలమైన ప్రవాహం దానంతటది నడుస్తుంది. సముద్రంలో రెండూ పైనే జరుగుతున్నాయి. కాబట్టి వేడి ఒక్కటే దాన్ని నడపలేదు.

సముద్రం సగటు లోతు సుమారు 3,700 మీటర్లు. అందులో వెచ్చటి నీరు పైనున్న కొద్ది వందల మీటర్లే. మొత్తం నీటి సగటు ఉష్ణోగ్రత మూడున్నర డిగ్రీల దగ్గరుంటుంది, అంటే ఫ్రిజ్‌లో పెట్టిన మంచినీళ్లంత. మే నెలలో మెరీనాలో కాళ్లు తడుపుకునేవాళ్లకి నమ్మబుద్ధి కాదు. 1751లో హెన్రీ ఎల్లిస్ అనే బ్రిటిష్ కెప్టెన్, బానిసలని తరలించే ఓడ నడిపినవాడు, ఉష్ణమండలం అంచున అట్లాంటిక్‌లో లోతుకి బకెట్టు వదిలి థర్మామీటరుతో చూశాడు. పైన ఉక్కపోస్తుంటే కింద నీళ్లు చల్లగా ఉన్నాయి. వాటితో స్నానం చేసి, వైన్ చల్లబరుచుకున్నామని ఉత్తరం రాశాడు. ఆ ఓడ అడుగున గొలుసులతో ఉన్నవాళ్లకి ఆ చల్లదనం అందలేదని గుర్తొచ్చి ఆ కథ చదివిన రోజు నాకు మనసు బాగోలేదు.

మన దగ్గరా ఆ చల్లదనం వాడుకున్నవాళ్లున్నారు. వేళచ్చేరి నుంచి తాంబరం వెళ్లే దారిలో పళ్లికరణై దగ్గర ఎన్ఐఓటీ ఉంది, జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ. లక్షద్వీప్‌లోని కవరత్తిలో 2005లో వాళ్లు పెట్టిన ప్లాంటు సుమారు 350 మీటర్ల లోతు నుంచి చల్లటి నీటిని తోడి, దాని సాయంతో పై నీటి ఆవిరిని మంచినీళ్లుగా మారుస్తుంది. రోజుకు లక్ష లీటర్లు. 2007లో చెన్నైకి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో బార్జి మీద ఇంకా పెద్దది నడిపి చూశారు. మన తీరానికి ఇంత దగ్గర్లో, మన కాళ్ల కింద, ఎప్పుడో ధ్రువాల దగ్గర మునిగిన చల్లదనం ఉంది. వేల ఏళ్లుగా పైన ఇంత ఎండ కాస్తున్నా అది వేడెక్కిపోలేదు, అలాగని పేరుకుపోయి పైదాకా రాలేదు. కిందకి దిగే చల్లటి నీటిని పైనుంచి వచ్చే వెచ్చదనం కొంచెం కొంచెంగా తేలిక చేస్తుంటేనే ఆ లెక్క సరిపోతుంది.

ఆ లెక్క మొదట కాగితం మీద పెట్టింది అమెరికా సముద్ర శాస్త్రవేత్త వాల్టర్ మంక్. 1966లో ఆయన పసిఫిక్ మధ్యలో లోతు వెంబడి ఉష్ణోగ్రత ఎలా మారుతుందో చూసి, అది నిలకడగా ఉండాలంటే నీరు రోజుకు 1.2 సెంటీమీటర్ల లెక్కన పైకి రావాలని, దానికి సరిపడా వెచ్చదనం పైనుంచి కిందకి కలవాలని తేల్చారు. ఆ లెక్కన మూడు కిలోమీటర్లు ఎక్కాలంటే ఆరేడు వందల ఏళ్లు. 1998లో ఆయనే కార్ల్ వుంష్‌తో కలిసి దీనికయ్యే శక్తి లెక్క కట్టారు. సుమారు రెండు లక్షల కోట్ల వాట్లు. మన దేశంలోని కరెంటు ప్లాంట్లన్నిటి సామర్థ్యానికి నాలుగు రెట్లు. అది ఆగితే కొన్ని వేల ఏళ్లలో సముద్రం పైన పలుచటి వెచ్చటి పొరా, కింద చల్లటి నిలవనీరూ ఉన్న చెరువైపోతుందన్నారు. భూమధ్యరేఖ నుంచి ధ్రువాల వైపు సముద్రం మోసే వేడితో పోలిస్తే ఈ శక్తి వెయ్యో వంతు మాత్రమే. బండి మోసే బరువు అంత, దాని మోటారు ఇంత.

ఆ మోటారులో దాదాపు సగం గాలి, సగం చంద్రుడు.

నాకు ఈ విషయం తెలిసిన రోజు రాత్రి డాబా మీదకెళ్లి చాలాసేపు చంద్రుణ్ణి చూశాను. ఆటుపోట్లు అంటే మనకి తీరంలో నీళ్లు ముందుకి రావడం, వెనక్కి పోవడమే. మెరీనాలో పోటుకీ పాటుకీ తేడా ఒక మీటరు అటూఇటూగా ఉంటుంది. నడిసముద్రంలో మాత్రం అడుగు నుంచి పైదాకా ఉన్న నీరంతా ఆటుపోట్లతో అటూ ఇటూ ఊగుతుంది. అడుగున పర్వతాలుంటే ఆ ఊపు వాటికి తగిలి నీటి లోపలే అలలు పుడతాయి. పైన ఉన్నవాళ్లకి కనిపించవు, లోపల మాత్రం పదుల మీటర్ల ఎత్తు లేస్తాయి. ఆ అలలు ఎక్కడో విరిగి సుడులవుతాయి. వెచ్చదనం, చల్లదనం నిజంగా కలిసేది ఆ సుడుల్లో. అవి కొన్ని సెంటీమీటర్ల నుంచి కొన్ని మీటర్ల దాకా ఉంటాయి, అంతే. ఆటుపోట్ల శక్తిలో సుమారు లక్ష కోట్ల వాట్లు ఇలా లోతు సముద్రంలోనే ఖర్చవుతున్నాయని ఎగ్బర్ట్, రే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఉపగ్రహ కొలతలతో 2000లో చూపించారు. ఆటుపోట్లలో భూమి తన చుట్టూ తాను తిరిగే శక్తిని ఇలా పోగొట్టుకుంటున్నందుకే చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్లు మనకి దూరం జరుగుతున్నాడు. ఈ లోపలి అలలకి ప్రపంచంలోనే పేరున్న చోట్లలో ఒకటి మన అండమాన్ సముద్రం. 1970ల్లో అక్కడ చమురు కోసం వెతికిన ఓడలు వాటి దెబ్బ చూశాయి. బంగాళాఖాతం తూర్పు అంచున అండమాన్, నికోబార్ దీవుల కింద ఉన్న కొండల వరస మన సముద్రానికి పెద్ద కవ్వం.

ఇక్కడిదాకా కథ చక్కగా నడిచింది. తర్వాత కొలవడానికి వెళ్లినవాళ్లకి లెక్క తేలలేదు. నాకు ఈ మొత్తంలో అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే.

లెడ్‌వెల్, ఆయన తోటివాళ్లు 1990ల మొదట్లో అట్లాంటిక్‌లో సుమారు 300 మీటర్ల లోతున ఆనవాలుగా ఒక వాయువుని వదిలి, నెలల తర్వాత వెళ్లి అది పైకీ కిందకీ ఎంత పాకిందో చూశారు. మంక్ లెక్క ప్రకారం ఉండాల్సిన దాంట్లో పదో వంతే ఉంది. మిగతా తొమ్మిది వంతుల కలయిక ఎక్కడ జరుగుతోంది? 1997లో బ్రెజిల్‌కి తూర్పున ఉన్న లోతు సముద్రం నుంచి జవాబులో సగం దొరికింది. అడుగు నున్నగా ఉన్న చోట కలయిక దాదాపు లేదు. అట్లాంటిక్ మధ్యనున్న గరుకు పర్వతాల మీద విపరీతంగా ఉంది. పైగా అడుగుకి దగ్గరయ్యే కొద్దీ పెరుగుతోంది.

ఇక్కడొక చిక్కుంది. అడుగుకి వెళ్లే కొద్దీ కలియబెట్టడం ఎక్కువ అన్నారు. మధ్యలో ఉన్న ఒక పొర నీటిని తీసుకోండి. పైనుంచి దానికి కొంచెం వెచ్చదనం అందుతుంది, కింద నుంచి చల్లదనం అందుతుంది. పైన కలియబెట్టడం తక్కువ, కింద ఎక్కువ. అంటే అందే వెచ్చదనం కంటే చల్లదనమే ఎక్కువ. ఆ పొర ఇంకా చల్లబడి, ఇంకా బరువెక్కి కిందకి దిగాలి! పైకి తెస్తుందనుకున్న మోటారే కిందకి తోస్తోంది. ఇది మొదట చదివినప్పుడు నేను పెన్ను తీసుకుని రెండు మూడుసార్లు వేసి చూసుకున్నాను. నిజమే.

మరి పైకెక్కేది ఎక్కడ? నేలని ఆనుకుని ఉన్న పలుచటి పొరలో. దాని కింద చల్లనీళ్లు లేవు, రాయి ఉంది. కింద నుంచి చల్లదనం రాదు, పైనుంచి వెచ్చదనం మాత్రమే వస్తుంది. (భూమి లోపలి వేడి కూడా కాస్త అందుతుంది, అదీ ఇటువైపే సాయం.) ఆ పొర తేలికై, కొండవాలు పట్టుకుని పైకి పాకుతుంది. రఫాయెల్ ఫెరారీ, ఆయన సహచరులు 2016లో ఈ వాదన పెట్టారు. అంటే సముద్రం మధ్యలో నీరు దిగుతోంది, గోడల వెంబడి ఎక్కుతోంది. నికరంగా పైకొచ్చేది రెండిటికీ తేడా. 2021లో ఐర్లండ్ దగ్గర రాకాల్ ట్రఫ్ అనే చోట ఒక సముద్రగర్భ లోయలో రంగునీళ్లు వదిలి చూశారు. రంగు వాలు వెంబడి రోజుకు వంద మీటర్ల లెక్కన పైకెక్కింది. 2024లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మంక్ చెప్పిన 1.2 సెంటీమీటర్ల పక్కన ఈ వంద మీటర్లు పెట్టి చూడండి, పదివేల రెట్లకు దగ్గర. ప్రపంచమంతా సమానంగా పరిచిన సగటు ఒకటి. నిజంగా పని జరిగే ఇరుకు సందులు వేరు.

గాలి సంగతి చెప్పకపోతే అన్యాయం. అంటార్కిటికా చుట్టూ, దక్షిణ అమెరికా కొసన డ్రేక్ జలసంధి ఉన్న అక్షాంశాల్లో, భూమి చుట్టూ తిరిగొచ్చినా అడ్డొచ్చే నేల లేదు. అక్కడి పడమటి గాలులు పై నీటిని ఉత్తరానికి తోసేస్తుంటే, ఆ ఖాళీలోకి లోతు నీరు ఏటవాలు పొరల మీదుగా ఎక్కి వస్తుంది. పెద్దగా కలవకుండానే వస్తుంది. గ్రీన్లాండ్ వైపు మునిగిన నీటిలో చాలా భాగం అలా తిరిగొస్తుందని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు. పాత బొమ్మలో మన దగ్గర పైకి మళ్లిన బాణం నిజానికి చాలావరకు దక్షిణాన ఉండాలన్నమాట. అయినా అంటార్కిటికా నుంచి వచ్చి అడుగునంతా పరుచుకునే అతి బరువైన నీటికి ఆ ఏటవాలు మెట్టుదాకా రావాలన్నా ముందు తేలికవ్వాలి. దానికి కొండల దగ్గరి కలయికే గతి.

ఇదంతా వాతావరణానికి ఎందుకు ముఖ్యమంటే, మనం బొగ్గూ పెట్రోలూ కాల్చడం వల్ల భూమి మీద నిలిచిపోతున్న అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రంలోకే పోతోంది. చాలామంది ఈ మాట ఊరటగా చెప్తారు, సముద్రం తాగేస్తోంది కదా అని. కానీ ఆ వేడి ఎంత లోతుకి దిగిందన్న దాన్ని బట్టే మన బతుకు. పైనే నిలిస్తే గాలి త్వరగా వేడెక్కుతుంది, తుపాన్లకి మేత దొరుకుతుంది. లోపలికి దిగితే పైన కాస్త ఆలస్యమవుతుంది, కానీ నీరు వ్యాకోచించి వందల ఏళ్లపాటు మట్టం పెరుగుతూనే ఉంటుంది. లోతు సముద్రం ఎంత నిదానమో చెప్పే ఒక పరిశోధన 2019లో వచ్చింది. 1870ల్లో చాలెంజర్ అనే ఓడ తీసిన ఉష్ణోగ్రతలతో పోల్చి, పసిఫిక్ లోతులు ఇంకా కొన్ని వందల ఏళ్ల కిందటి 'చిన్న మంచుయుగం' చలికి చల్లబడుతూనే ఉన్నాయని గెబ్బీ, హైబర్స్ చెప్పారు. పైన మనం వేడెక్కించిన కబురు అక్కడికింకా చేరలేదు. మనం ఇప్పుడు చేసింది ఎన్ని తరాల తర్వాత కింద నుంచి తిరిగొస్తుందో ఆలోచిస్తే నాకు భయమేస్తుంది.

పైగా సముద్రం మీది మూత బిగుసుకుంటోంది. పై నీరు వేడెక్కి తేలికవుతున్న కొద్దీ కింది నీటితో కలవడం కష్టమవుతుంది. 1970 నుంచి 2018 మధ్య పై 200 మీటర్లలో ఈ పొరల విభజన సుమారు 5 శాతం పెరిగింది. ఆక్సిజన్ కిందకి అందడం తగ్గుతోంది. అంటార్కిటికా దగ్గర మంచు కరిగి మంచినీరు పైన చేరితే, అడుక్కి దిగే ప్రవాహం 2050కల్లా 40 శాతం దాకా మందగించవచ్చని 2023లో ఒక మోడల్ అధ్యయనం హెచ్చరించింది. ఇటువంటి అంచనాలు కట్టే కంప్యూటర్ మోడళ్లు సముద్రాన్ని పదుల కిలోమీటర్ల గళ్లుగా చూస్తాయి. సెంటీమీటర్ల సుడి ఆ గడిలో కనపడదు. దాని బదులు ఒక అంకె పెడతారు. ఆ అంకె ఎక్కడ ఎంత ఉండాలో చెప్పేది కొలతలే. కొలత లేని చోట అంకెని నమ్మడం తప్ప దారి లేదు.

ఇప్పుడు నాన్న ప్రశ్నకి వస్తాను. అక్కడ లోతు నాలుగు కిలోమీటర్లు కాదు, యాభై వంద మీటర్లే. కాలం వందల ఏళ్లు కాదు, వారాలు. కానీ సూత్రం అదే. తేలిక నీటిని బరువు నీటితో కలపాలంటే ఎవరో పని చెయ్యాలి.

తుపాను గాలి సముద్రాన్ని కలియబెట్టి కింది చల్లనీళ్లని పైకి తెస్తుందన్నది నిజమే. చాలా సముద్రాల్లో తుపాను వెళ్లిన దారంతా చల్లటి చార మిగులుతుంది. బంగాళాఖాతం వేరు. గంగ, బ్రహ్మపుత్ర, ఇరావది, మహానది, గోదావరి, కృష్ణ, ఇన్ని నదుల నీరు, మీద వర్షం, అన్నీ కలిసి ఉప్పునీటి మీద మంచినీటి దుప్పటి పరుస్తాయి. ఉత్తరాన వర్షాకాలం తర్వాత ఆ దుప్పటి కొన్నిచోట్ల పది మీటర్లు కూడా ఉండదు, కానీ చాలా తేలిక. గాలి ఎంత బలంగా వీచినా దాన్ని చీల్చి కిందిదాకా కలపడం కష్టం. పైగా ఆ దుప్పటి కిందే వెచ్చటి ఉప్పునీటి పొర దాగి ఉంటుంది. శీతాకాలంలో కొన్నిచోట్ల అది పై నీటి కంటే వెచ్చగా కూడా ఉంటుంది. అప్పుడు కలియబెడితే పైన చల్లబడేది ఉండదు. బెంగళూరు ఐఐఎస్‌సీకి చెందిన దేబాశిస్ సేన్‌గుప్తా, ఆయన సహచరులు 2008లో చూపించింది ఇదే: వర్షాకాలం తర్వాత ఉత్తర బంగాళాఖాతంలో తుపాను కలియబెట్టినా పై నీరు చల్లబడటం లేదు.

అంటే నాన్నా, నువ్వు విన్నది తప్పు కాదు. మన సముద్రానికి ఆ సూత్రం ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు చెయ్యదు అన్నది పైన ఎంత మందాన మంచినీళ్లున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. హెలెన్, లెహర్ లాంటి జంటల్లో పైగాలుల తేడా, పొడిగాలి కూడా తమ పని తాము చేస్తాయి. కానీ సముద్రం వైపు లెక్క మాత్రం ఆ దుప్పటిదే.

రుతుపవనాలకీ ఇదే సంబంధం. సముద్రం పైన ఉష్ణోగ్రత సుమారు 28 డిగ్రీలు దాటితేనే పెద్ద వర్షమేఘాలు కట్టే అవకాశం ఉంటుందని వాతావరణ శాస్త్రవేత్త సులోచనా గాడ్గిల్ తోటివారితో కలిసి 1984లో చెప్పారు. జూన్, జులైల్లో అరేబియా సముద్రం బలమైన గాలులకి కలిసిపోయి, సోమాలియా తీరాన కింది నీరు పైకొచ్చి చల్లబడుతుంది. బంగాళాఖాతం మంచినీటి దుప్పటి కప్పుకుని వెచ్చగానే ఉంటుంది. గోవాలోని ఎన్ఐఓ, అంటే జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, శాస్త్రవేత్తలు 2002లో ఈ తేడాని వేడి లెక్కలతో వివరించారు. మన వానలు ఇక్కడి నీరు కలవకపోవడం మీద ఇంతగా ఆధారపడి ఉన్నాయి.

మన దేశంలో ఈ పని చేసినవాళ్లు లేరని కాదు. మిక్సింగ్‌కీ మాన్‌సూన్‌కీ ఉన్న సంబంధం మీద 2013 నుంచి కొన్నేళ్లు మనవాళ్లు, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి బంగాళాఖాతంలో ఓడలతో తిరిగారు. 2016 జూన్, జులైల్లో సింధు సాధన ఓడ మీద బ్రిటిష్ బృందంతో కలిసి ఇంకో ప్రయోగం జరిగింది. నీటి మీద బోయాలు, మునిగి తేలుతూ ఉష్ణోగ్రత, ఉప్పు కొలిచే ఆర్గో పరికరాలు ఉన్నాయి, ఆ డేటా హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ దగ్గర దొరుకుతుంది. కానీ సుడుల్నే కొలిచే ప్రయోగాలు వచ్చి వెళ్లిపోయేవి. ఓడ నెల రోజులుంటుంది, వెనక్కొస్తుంది. సముద్రం ఏడాదంతా కలుస్తూనే ఉంటుంది. అండమాన్ కొండల వరస మీద, శ్రీలంక తూర్పున, మన కోస్తా ఎదురుగా, సుడుల్ని కొలిచే పరికరాలు పదేళ్లపాటు తియ్యకుండా ఉంచాలి. నేను అడిగేది అది. ఎన్ఐఓటీలో ముగ్గురు మనుషుల్ని 6,000 మీటర్ల లోతుకి తీసుకెళ్లే మత్స్య 6000 తయారవుతోందని చదివినప్పుడు నాకూ గర్వంగానే ఉంది. దాని గురించి వచ్చే ప్రతి వార్తలో అడుగున దొరికే ఖనిజాల మాటే ఉంటుంది. అడుగున నీరు ఎలా ఎక్కుతోందో చూడటానికి కూడా అది దిగితే బాగుండు.

మా స్టాఫ్ రూములో మ్యాథ్స్ మాస్టారు నా మాటలు విని, "ఏమండీ, మన వీధిలో మోకాళ్లదాకా నీళ్లొస్తుంటే మీరు సెంటీమీటర్ల సుడులంటారు. ముందు కాలవలు తవ్వించమనండి" అన్నారు. ఆయన కోపం నాకర్థమైంది, ఆయన ఇల్లు 2015లోనూ మునిగింది, 2023లోనూ మునిగింది. పళ్లికరణై చిత్తడి నేలని పూడ్చి ఇళ్లు కట్టిన పాపం ఏ సముద్రమూ కడగదు. కాలవలు తవ్వాల్సిందే. కానీ తుపాను ఎంత బలపడుతుందో రెండు రోజుల ముందు సరిగ్గా తెలిస్తే మా నాన్న వరి కోసుకుంటాడా, వదిలేస్తాడా అన్నది మారుతుంది. కాలవల డబ్బులో నుంచి దీన్ని తియ్యమనడం లేదు. ఈ కొలతలకి అయ్యే ఖర్చు చాలా చిన్నది. ఒక్కోసారి నమ్మలేనంత చిన్నది.

2014లో ఒక పరిశోధన వచ్చింది. వర్షాకాలం అయ్యాక, బంగాళాఖాతం ఉత్తర కొస నుంచి మంచినీరు మన తూర్పు తీరాన్ని పట్టుకుని, సుమారు వంద కిలోమీటర్ల వెడల్పున దక్షిణానికి ప్రవహిస్తుందని, సముద్రంలో నదిలాగా. దాన్ని పట్టిచ్చింది పెద్ద ఓడలు కాదు. తీరం వెంబడి మత్స్యకారులు కొన్నేళ్లపాటు కొద్ది రోజులకోసారి పట్టి ఇచ్చిన నీళ్లు. ఉప్పెంతో చూడటానికి అవి చాలు.

మొన్న ఆదివారం ఫోన్లో నాన్నకి ఇదంతా చెప్పాను. గంట పట్టింది. చంద్రుడి దగ్గర రెండుసార్లు ఆపి మళ్లీ చెప్పించుకున్నాడు. మంచినీటి దుప్పటి మాట వచ్చేసరికి కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "సూర్యలంకలో మనవాళ్లు రోజూ వేటకెళ్తారు గదమ్మా. వచ్చేటప్పుడు తలా ఓ సీసాడు నీళ్లు పట్టుకు రమ్మంటే తేరా? ఎవురికి పంపించాల్నో కనుక్కుని చెప్పు."

కనుక్కుంటున్నాను.